వదులుగానే ఉంచు

అక్టోబర్ మూడో శనివారం.
సరస్సు మీంచి గాలి అప్పుడే పళ్ళు నూరుతోంది.
డులూత్‌లో ఈ గాలిని ఎవరూ తిట్టరు,
తలుపు మాత్రం రెండోసారి తోసి చూసుకుంటారు.

గ్యారేజీ దూలాలకి నాలుగు తాళ్ళతో
మే నెల నుంచీ వేలాడుతోంది స్కౌట్ కప్పు.
దాని కింద సైకిళ్ళు, మంచు పార, సగం వాడిన ఉప్పు బస్తా.
వేసవంతా తల తగలకుండా వంగి నడిచాను.
మెడకి అలవాటైపోయి
ఆఫీసు గుమ్మాల దగ్గర కూడా వంగుతున్నానట,
నవ్వుకుంటున్నారు.

బండి అరవై ఏడుది. ట్రాక్టర్లు చేసేవాళ్ళు చేసింది,
అందుకే గట్టు మీంచి పిలిచే మనిషిలా
ఎక్కడున్నా గొంతెత్తే మాట్లాడుతుంది.
ఈ ఊరి రోడ్ల ఉప్పు తిన్నది,
విశ్వాసంగా తుప్పు పట్టింది.
కప్పు మాత్రం దీనిది కాదు.
అరిజోనాలో ఇంజను కాలిపోయిన మరో బండిది.
కింద ముదురాకుపచ్చ, పైన ఎండకి వెలిసిన పసుపు:
అరువు తెచ్చుకున్న తలపాగా.

"నలుగురు కావాలి" అన్నాను ఫోన్‌లో.
మా భాషలో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని
ఎనభై ఒకటో ఏట ఉన్న ఐనోకి చెప్పలేదు.
మనవరాలు సిల్విని వెంటబెట్టుకుని
రోడ్డు దాటి వచ్చాడు, చేతితొడుగులు లేకుండా.

రబ్బరు పట్టీకి సబ్బునీళ్ళు రాశాను.
తాళ్ళు వదులుతుంటే కప్పు ఒకసారి ఊగింది,
ఎక్కడి మడతలోంచో ఎర్ర ఇసుక
సిల్వి జుట్టులోకి జలజలా రాలింది.
కొని రెండేళ్ళయింది,
ఎడారి ఇంకా అయిపోలేదు.

"ఏదీ బిగించకండి" అన్నాడు ఐనో.
"ముందు అన్నిటికీ చోటు దొరకాలి."
ఫణిభూషణ్ అప్పటికే మొదటి బోల్టు బిగించేశాడు.
నాకు ఇరవై రెండేళ్ళుగా తెలిసిన చెయ్యి అది.
అతను మూత పెట్టిన మాగాయ సీసా
నేను ఎన్నడూ ఒక్కదాన్నే తెరవలేదు.

వెనక ఎడమ మూల
కన్నం కన్నాన్ని చూడలేదు.
అర వేలెడు తేడా.
నెట్టాం, ఎత్తాం, భుజంతో మోదాం,
సిల్వి తన తాత ముందు అనకూడని మాట అంది.
చివరికి ఫణి ఎవరివైపూ చూడకుండా
ముందుకి వెళ్ళి, రెంచీ ఎడమకి తిప్పాడు.
కప్పు నిట్టూర్చినట్టు జరిగింది.
అంతే.

పదిహేను బోల్టులు. పదహారోది లేదు.
కారు కింద వెతికాం, ఉప్పు బస్తా దులిపాం,
టార్చి వేసి కాలువ దాకా వెళ్ళొచ్చాం.
ఐనో బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు,
మాటా లేదు, పలుకూ లేదు,
రెండు చేతులూ మోకాళ్ళ మీద,
మొహం గ్యారేజీ దీపం కింద బూడిదరంగుగా.
సిల్వి దగ్గరికి వెళ్ళి "తాతా?" అంది.
ఇంకోసారి, కాస్త గట్టిగా, "తాతా?"
నా కడుపులో ఆ మాట,
చెప్పకుండా దాచిన ఆ మాట, బరువుగా కదిలింది.

ముసలాయన నోరు తెరిచాడు.
పెట్టుడు పళ్ళ మధ్య పదహారో బోల్టు.
"నన్నెవరూ అడగలేదే" అన్నాడు,
దాన్ని చొక్కాకి తుడుస్తూ.
సిల్వి బకెట్‌ని తన్నింది. ఆయన లేచి నిలబడే నవ్వాడు.

సాయంత్రం కొండ దిగుతుంటే వాన పట్టుకుంది.
రేకు మీద చినుకులు,
లోపల హీటరు మూలుగు, తడిసిన రబ్బరు వాసన,
మాకిద్దరికీ మధ్య థర్మోస్‌లో కాఫీ.
రైలు వంతెన కింద మలుపులో
నా ఎడమ మోకాలి మీద ఒక చుక్క పడింది.
తర్వాత మలుపులో ఇంకోటి.
ఫణి చూశాడు. ఒక చెయ్యి స్టీరింగు మీదే ఉంచి
రెండో చెయ్యి సీటు కింద రెంచీ కోసం పోనిచ్చాడు.

ఆ చేతిని పట్టుకుని
కాఫీ మూత తియ్యమన్నాను.